లోహితుడు కళ్లు తెరిచాడు

బుధవారం. రాత్రి 11 దాటింది. అందరూ పడుకున్నారు. ఈ రోజు సంగతి రాసుకోకుండా నిద్రపోతే రేపటికి సగం మరిచిపోతానని భయం.

పొద్దున అయిదింటికే లేచాను. నాటకానికి ఇక 11 రోజులే ఉంది. శ్రుతి పెట్టె ఐదో శ్రుతిలో పెట్టుకుని ఓ పావుగంట మంద్రంలోనే, అంటే కింది స్థాయిలోనే సాధన చేశాను. గొంతు వేడెక్కకుండా పై షడ్జం, అంటే పై స్థాయి స జోలికి వెళ్లొద్దని మా హార్మోనియం మాస్టారు మరీ మరీ చెప్పారు. ఆ మాట నేను అక్షరాలా పాటిస్తాను. ఎందుకంటే పగలంతా బడిలో ఆరు పీరియడ్లు చెప్పి, సాయంత్రం మళ్లీ ఇదే గొంతుతో హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి పద్యాలు పాడాలి. ఈ నెల రోజులుగా క్లాసులో అరవడం మానేశాను. లెక్కలు ఎక్కువగా బోర్డు మీదే చేసి చూపిస్తున్నాను. పిల్లలకు కారణం తెలుసు. ఇవాళ తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "టీచర్, స్టేజీ మీద మీరు నిజంగా ఏడుస్తారా?" అని అడిగింది. ఏం చెప్పాలో వెంటనే తోచలేదు. రోజంతా ఆ ప్రశ్న నా వెంటే వచ్చింది.

మేం వేస్తున్నది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్య హరిశ్చంద్రలో కాటిసీను, అంటే శ్మశానంలో జరిగే ఘట్టం. తెలుగు ఊళ్లలో ఈ సీను తెలియని వాళ్లు తక్కువ. జనానికి కథ తెలుసు, పద్యాలు చాలామందికి నోటికి వచ్చు. ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన నాకంటే ముందే పద్యం అందుకున్నా ఆశ్చర్యం లేదు. ఆ తలపుకే నాకు టెన్షన్ పట్టుకుంటుంది. వాళ్లు ఎప్పటినుంచో వింటున్న పద్యాన్ని వాళ్ల ముందే పాడాలి కదా.

లీజర్ పీరియడ్‌లో నోటుబుక్కు తీసి పద్యాలన్నీ మళ్లీ రాసుకున్నాను. పుస్తకంలో పద్యం పాదాలుగా అచ్చవుతుంది. ఉత్పలమాలకైతే పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కలిసే చోటు. చంపకమాలకు 21, పదకొండో అక్షరం యతి. లెక్కల టీచరును కాబట్టి ఈ కట్టుబాటు నాకు మొదటినుంచీ ఇష్టం. అయితే పాదం ముగిసిన చోట మాట ముగియాలని లేదు. మాట సగంలో ఉండగానే పాదం అయిపోతుంది, మిగతా సగం కింది వరుసలోకి దిగుతుంది. నేను ఇన్నాళ్లూ వరుస చివర ఊపిరి తీసుకుంటున్నాను. అంటే మాటను మధ్యకు విరిచేస్తున్నాను. వినేవాళ్లకు రాగం అందుతుంది కానీ తల్లి ఏమంటోందో అందదు. అందుకని పాదాలు వదిలేసి, ఎక్కడ ఒక భావం పూర్తవుతుందో అక్కడ ఒక గీత పెట్టుకుంటూ వచనంలా రాసుకున్నాను. ఒక్కో పద్యానికి నాలుగైదు గీతలు వచ్చాయి. ఊపిరి అక్కడే తీసుకోవాలి. కాగితం మీద బాగానే కుదిరింది.

సాయంత్రం ఆరున్నరకు రామాలయం వెనక మండపంలో రిహార్సల్. ఇవాళ మొదటిసారి బాబుతో చేశాం.

ఇన్నాళ్లూ చంద్రమతి కొడుకు లోహితుడి శవం బదులు మడత పెట్టిన జంపఖానా ఒడిలో పెట్టుకుని పాడాను. ఇవాళ నిజంగా పిల్లవాడు వచ్చాడు. మా వీధి చివర ఇస్త్రీ బండి ఆవిడ మనవడు, రెండో తరగతి. నన్ను అత్తా అంటాడు. రాగానే నా పక్కన కూర్చుని చాలా సీరియస్‌గా, "అత్తా, చచ్చిపోయాక ముక్కు దురద పెడితే గోక్కోవచ్చా?" అని అడిగాడు. గోక్కోకూడదు నాన్నా అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే ముందే గోక్కుంటాను" అన్నాడు. తన పాత్ర గురించి మా అందరికంటే వాడే ముందుగా, శ్రద్ధగా ఆలోచించుకున్నాడనిపించింది.

సీను హరిశ్చంద్రుడి పద్యాలతో మొదలవుతుంది. మా హరిశ్చంద్రుడు బస్సు కండక్టరు. అందరం ఆయన్ని హరిశ్చంద్రుడు గారనే పిలుస్తాం. కాటిసీనులో కవి జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కలిపి పాడటం రంగస్థలం మీద ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ, మేమూ అలాగే చేస్తున్నాం. ఆయన పాడుతున్నంతసేపూ నేను పిల్లవాణ్ణి భుజాన వేసుకుని సైడ్ వింగ్‌లో నిలబడాలి. జనం వన్స్ మోర్ అంటే ఆయన మళ్లీ పాడతారు, నా ఎదురుచూపు ఇంకా పెరుగుతుంది. ఇవాళ అలా నిలబడ్డప్పుడే భుజం లాగేసింది. ఏడేళ్ల పిల్లవాడు ఇరవై కిలోలైనా ఉంటాడు. చంద్రమతి అడవి నుంచి కాటిదాకా ఆ బరువును మోసుకొచ్చింది. రాణిగా పెరిగిన మనిషి, తర్వాత తనను కొన్న కాలకౌశికుడి ఇంట్లో దాసి. ఆ నడక ఎలా ఉండాలని వారం రోజులుగా అద్దం ముందు తంటాలు పడుతున్నాను. ఇవాళ ఏమీ ఆలోచించలేదు. బరువు ఎటు లాగితే అటు ఒరిగి నడిచాను. చూస్తున్నవాళ్లు బాగుందన్నారు.

అసలు ఇబ్బంది కూర్చున్నాక మొదలైంది. వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని మొదటి పద్యం ఎత్తుకున్నాను. రెండో గీత దాకా కూడా ఊపిరి రాలేదు. పిల్లవాడి నడుం సరిగ్గా నా పొట్ట మీద ఆనింది. పొట్ట నిండా గాలి తీసుకోవడానికి చోటే లేదు. నిలబడి సాధన చేసిన ఊపిరి, కింద చతికిలబడి ఒడిలో పిల్లవాడు ఉన్నప్పుడు రాదని నాకు ముందే తట్టాల్సింది. మళ్లీ ఎత్తుకున్నాను. మళ్లీ అక్కడే తెగింది. మూడోసారి ఏడుపు వచ్చేసింది. అది పాత్ర ఏడుపు కాదు, నాది. గొంతు పూర్తిగా మూసుకుపోయింది.

ఇదే నన్ను నెల రోజులుగా వేధిస్తున్న విషయం. మొదట్లో దుఃఖం తెచ్చుకోవడానికి మా నాన్న పోయిన రోజును గుర్తు చేసుకునేదాన్ని. కన్నీళ్లు వచ్చేవి, స్వరం పోయేది. గొంతు బిగుసుకుంటే షడ్జం కూడా నిలవదు. అలాగని నాన్నను పక్కన పెట్టి పాడితే స్వరం శుభ్రంగా వచ్చేది, మనసు మాత్రం ఎక్కడో ఉండేది. ఏ దారిన పోవాలో తెలియలేదు.

మాస్టారు హార్మోనియం ఆపేశారు. ఆయనకు డెబ్బై దాటాయి, ఎవరి మీదా గొంతు పెంచరు. "అమ్మా, కాసేపు రాగం వదిలెయ్. నేనూ పెట్టె మూసేస్తున్నాను. పద్యం ఉత్త మాటగా చెప్పు. జనానికి వద్దు, మైక్‌కి వద్దు. వాడికి చెప్పు" అన్నారు.

నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. రాగం లేకపోతే పద్యనాటకం ఏముంటుంది? జనం వచ్చేదే అందుకు కదా. అయినా ఆయన మాట కాదనలేను. కుడి మోకాలు పైకి లేపి, పిల్లవాడి తల ఎడమ తొడ మీదికి జరుపుకున్నాను. వెన్ను నిలబడింది, పొట్ట మీద బరువు పోయింది. వాడి ముఖం సరిగ్గా నా ముఖం కిందకు వచ్చింది. నుదుటి మీద జుట్టు చెమటకు అతుక్కుని ఉంది. నేను గీతలు పెట్టుకున్న పద్యాన్ని మెల్లగా, బడికి లేట్ అవుతుంది లేవరా అన్నట్టే, వాడికి చెప్పడం మొదలుపెట్టాను. ఒక చోట లోహితా అని పిలుపు ఉంది. అక్కడికి వచ్చేసరికి వాడు కళ్లు తెరిచాడు.

నా వైపే చూశాడు. తనను పిలుస్తున్నాననుకున్నాడు పాపం. వెంటనే గుర్తొచ్చి గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. కాటి యజమాని వీరబాహుడి వేషం వేసే ఆయన చేతిలో వైరు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నాకు చేతులు వణికాయి. ఏడుపు రాలేదు. ఇంకోసారి పిలవాలనిపించింది, అంతే. ఇంకోసారి పిలిస్తే ఇంకోసారి కళ్లు తెరుస్తాడేమో అనిపించింది. చంద్రమతి ఆ పద్యాలన్నీ ఎందుకు పాడుతోందో నాకు అప్పుడు తెలిసింది. ఆమె తన దుఃఖం గురించి ఎవరికీ చెప్పుకోవడం లేదు, కొడుకును లేపుతోంది. ఆమె ముందు శవం ఉంది కానీ ఆమెకింకా కొడుకే కనిపిస్తున్నాడు. నేను నెల రోజులుగా శవం మీద పడి పాడుతున్నాను.

మాస్టారు ఏమీ అనకుండా హార్మోనియం తెరిచి చిన్నగా శ్రుతి ఇచ్చారు. పద్యం మళ్లీ చెప్పాను, ఈసారి రాగంలో. ఊపిరి గీతల దగ్గరే దొరికింది. ఆలాపన కూడా సగానికి తగ్గిపోయింది. నేను తగ్గించలేదు, పిలుపు అయిపోయాక జవాబు కోసం ఆగినంతసేపే రాగం సాగింది. ఆలాపన అంటే గొంతు చూపించుకునే చోటనుకునేదాన్ని. ఇవాళ మాత్రం అది ఎదురుచూసే చోటులా అనిపించింది.

టీ తాగేటప్పుడు మాస్టారు ఆడవేషాలకు పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు గారి మాట ఎత్తారు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా ఆయన మీరజాలగలడా అన్న పాట పల్లవి ఒక్కటే తీసుకుని, ప్రతిసారీ ఒక కొత్త భావంతో అభినయించేవారట. అలాగే ఆ లోహితా అన్న ఒక్క పిలుపును ఎన్ని రకాలుగా పిలవొచ్చో ఇంట్లో చూసుకోమన్నారు. మొదటిసారి మామూలుగా, తర్వాత కాస్త కోపంగా, తర్వాత బతిమాలుతూ. రాగం పేరు మాత్రం ఈ ఒక్కరోజూ అడగొద్దన్నారు.

తర్వాత కాటికాపరిగా ఉన్న హరిశ్చంద్రుడు శవదహనానికి అడిగే కాటిసుంకం దగ్గర, మాంగల్యం దగ్గర మాటలు గబగబా నడిపించేశాం. భర్తకు తప్ప ఎవరికీ కనిపించని మాంగల్యం ఈ కాటికాపరికి ఎలా కనిపించిందన్న క్షణం ఉంది చూశారా, దానికి ఇంకా చాలా పని ఉంది. నా చెయ్యి వెంటనే మెడ దగ్గరికి పోతోంది. కొంచెం ఆలస్యంగా పోవాలి. హరిశ్చంద్రుడు గారు నాలుగు శ్రుతిలో ఆపితే నేను ఐదులో అందుకోవాలి కాబట్టి శ్రుతి మార్చుకోవడానికి ఆ ఆలస్యం మాస్టారికీ పనికొస్తుంది. రేపు ఆ ముక్క మీదే కూర్చుంటాం.

ఎనిమిదిన్నరకు చూస్తే లోహితుడు నిజంగానే నిద్రపోయాడు. వాళ్ల నాయనమ్మ వచ్చి ఎత్తుకుంటుంటే నిద్రలోనే ముక్కు గోక్కున్నాడు.

ఇప్పుడు నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున పెట్టిన గీతల్లో రెండు చెరిపేశాను. లోహితా అన్న మాట తర్వాత ఎర్ర పెన్సిలుతో ఒక గీత పెద్దగా గీసుకున్నాను. ఆ అమ్మాయి రేపు మళ్లీ అడిగితే, నాటకానికి వచ్చి చూడమ్మా అని చెప్తాను.

రేపు వెళ్లేటప్పుడు పాత దుప్పటి ఒకటి మరిచిపోకుండా పట్టుకెళ్లాలి. మండపం గచ్చు చల్లగా ఉంటోంది, రెండో పద్యం నుంచి వాణ్ణి కింద పడుకోబెట్టాలి.