ఉంగరం వేలి పేచీ

బుధవారం, రాత్రి పదిన్నర.

ఆఫీసులో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. మధ్యాహ్నం క్లయింట్ కాల్ సాగుతూనే ఉంది. నా వంతు చివర్లో ఎప్పుడో వస్తుంది కాబట్టి కెమెరా ఆపేసి, గిటార్ కోసం చేసే వేళ్ళ కసరత్తు టేబుల్ మీద మొదలుపెట్టాను. అరచెయ్యి బోర్లా పెట్టాలి. మధ్యవేలు మడిచి అరచేతి కిందకి తోసేయాలి. ఇక మిగతా వేళ్ళు ఒక్కొక్కటే పైకెత్తాలి. బొటనవేలు లేస్తుంది, చూపుడు వేలు లేస్తుంది, చిటికెన వేలు కాస్త గునుస్తూనైనా లేస్తుంది. ఉంగరం వేలు మాత్రం ఎంత బతిమాలినా కదలదు. చదువుతున్నవాళ్ళు ఇప్పుడే చేసి చూడండి, బహుశా మీదీ కదలదు.

ఇందులో వేలి తప్పేమీ లేదు. పైకి లేవడానికి నాలుగు వేళ్ళకీ ఒక ఉమ్మడి కండరం ఉంది. చూపుడు వేలికీ చిటికెన వేలికీ అది కాక విడిగా సొంత కండరాలున్నాయి. ఉంగరం వేలికి ఉమ్మడిదే దిక్కు. పైగా చేతి వెనక వైపు దాని టెండన్‌ని (కండరాన్ని ఎముకకి కలిపే తాడుని) పక్క వేళ్ళ టెండన్లతో కలిపే అడ్డ పట్టీలుంటాయి. మధ్యవేలు మడిస్తే ఇదీ ఇరుక్కుపోతుంది. అందుకే 'వారంలో నాలుగు వేళ్ళకీ పూర్తి స్వేచ్ఛ' అని ఊరించే వీడియోలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఉమ్మడి ఆస్తి మీద బతికే వేలితో వేరు కాపురం పెట్టించలేం. పక్కవాళ్ళు కదిలినప్పుడల్లా తనూ లేచిపోకుండా కూర్చోవడం మాత్రం నేర్పించవచ్చు.

ఇంటికొచ్చి, కాఫీ తాగి, గిటార్ పట్టుకునేసరికి ఏడు దాటింది. ఈమధ్య 1-2-3-4 అని (చూపుడు వేలు 1, చిటికెన వేలు 4) వరసగా ఫ్రెట్ల మీద, అంటే గిటార్ మెడ మీది గడుల మీద, పరుగెత్తడం తగ్గించాను. నాలుగు వేళ్ళని 24 రకాల వరసల్లో పేర్చవచ్చు. అందులో 1-2-3-4 అన్నిటికన్నా తేలిక, అందరూ దాన్నే పట్టుకుని వేలాడతారు. 1-3-2-4, 4-2-3-1 లాంటివి తీసుకుంటే అసలు బండారం బయటపడుతుంది.

దానికన్నా నాకు బాగా పనికొస్తున్నది ఇంకోటి. నాలుగో తీగ మీద 5, 6, 7, 8 ఫ్రెట్లలో నాలుగు వేళ్ళూ ఆనించాలి. ఒక్క వేలినే ఎత్తి పక్కనున్న ఐదో తీగ మీద పెట్టాలి, మళ్ళీ వెనక్కి తేవాలి. మిగతా మూడూ తీగని వదలకూడదు. చూడాల్సింది కదిలే వేలిని కాదు, కదలకూడని మూడింటిని. ఉంగరం వేలి వంతు వచ్చేసరికి చిటికెన వేలు తనూ బయల్దేరుతుంది. మామూలు గిటార్ మీద మొదటి ఫ్రెట్ వెడల్పు దాదాపు 36 మిల్లీమీటర్లు. తొమ్మిదో ఫ్రెట్ దగ్గర అది 23కి తగ్గుతుంది. అందుకే చెయ్యి సాగదీయలేని రోజు ఇదంతా గిటార్ డొల్ల వైపుకి, ఇరుకు ఫ్రెట్ల మీదికి జరుపుకుని చేస్తాను. ముంజేయి మండితే ఆపేస్తాను, అక్కడ పట్టుదలకి పోవడం శుద్ధ దండగ.

నొక్కడం సంగతీ ఇంతే. వేలిని తీగకి ఊరికే తాకించి మీటుతూ, మెల్లగా బరువు పెంచుకుంటూ పోవాలి. బర్రుమనే చప్పుడు పోయి స్వరం శుభ్రంగా పలికిన చోట ఆగాలి. అంతే చాలు. మనం మామూలుగా దానికన్నా ఎక్కువే నొక్కుతాం, ఆ బిగువంతా పక్క వేళ్ళకి పాకుతుంది.

అమ్మ సీరియల్ అయిపోయాక వచ్చి కూర్చుంది. "ఎంతసేపూ ఆ టిక్కు టిక్కేంట్రా, పాటేదైనా వాయించరాదూ" అంది. వేళ్ళకి వ్యాయామం అని చెప్పాను. అమ్మ పెళ్ళికి ముందు విజయనగరంలో వీణ నేర్చుకుంది.

"మాకు ఎడం చేతికి రెండు వేళ్ళే రా, చూపుడు వేలూ మధ్యవేలూ. చిటికెన వేలు కష్టపడేది కుడిచేతిలో" అని, టేబుల్ మీద చూపించింది. చూపుడు వేలూ మధ్యవేలూ ఒకదాని తర్వాత ఒకటి మీటుతున్నాయి. చిటికెన వేలు వాటితో సంబంధం లేనట్టు పక్కనుండే తాళం తీగల్ని పైకి మీటుతోంది. ఏళ్ళ తరబడి వీణ ముట్టని చెయ్యి అది. నేను ఫోన్ తీసి వీడియో పట్టేలోపు ఆపేసింది.

"మరి ఉంగరం వేలు?"

"దానికేం పని, ఉంగరం పెట్టుకోడానికి."

జాంగో రైన్‌హార్ట్ గురించి చెప్పాను. 1928లో బండికి నిప్పంటుకుని ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ దెబ్బతిన్నాయి. సోలోలు మిగతా రెండు వేళ్ళతోనే వాయించి జాజ్ గిటార్‌కే పెద్ద దిక్కయ్యాడు. అమ్మ వెంటనే, "రెండు చాలినప్పుడు నీకు నాలుగెందుకూ?" అంది.

మంచి ప్రశ్నే. మాటలతో కాకుండా వాయించి చూపించాను. సి కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి మోగించే పట్టు) పట్టుకుంటే ఉంగరం వేలు ఐదో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంటుంది, బేస్ స్వరం, అంటే అన్నిటికన్నా కింది స్వరం, దానిదే. పాట పై స్వరం కోసం చిటికెన వేలు మొదటి తీగ మూడో ఫ్రెట్‌కి వెళ్ళాలి. అది వెళ్ళగానే ఉంగరం వేలు కాస్త పట్టు వదులుతుంది, కింద మోగుతున్న బేస్ టక్కున ఆగిపోతుంది. రెండు స్వరాలూ ఒకేసారి నిలబడాలంటే రెండు వేళ్ళూ కావాలి. జాంగో లాంటి వాడికి వేరే దారులు దొరుకుతాయి, నాకు దొరకవు.

నాలుగుసార్లు వాయిస్తే మూడుసార్లు బేస్ ఆగిపోయింది. అమ్మ కళ్ళు మూసుకుని విని, "రెండో కాలం నీకప్పుడే ఎందుకురా, ఒకటో కాలంలో వాయించు" అంది. సరళీ వరసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, సాధన చేసినవాళ్ళతో వాదించలేం. టిక్కు టిక్కుమని లయ చూపే మెట్రోనోమ్‌ని నిమిషానికి అరవై దెబ్బల నుంచి యాభైకి దించాను. అమ్మ ఇంకా దించమంటోంది.