కిన్‌త్సుగి: పెద్ద ముక్క మళ్ళీ ఊడింది

కిన్‌త్సుగి అంటే విరిగిన పాత్రల్ని ఉరుషి అనే చెట్టు జిగురుతో అతికించి, అతుకుకి బంగారం పూసే జపాన్ పద్ధతి. అతికించిన పదమూడో రోజు పొద్దున ఎలా ఉందో చూద్దామని బొటనవేలు ఆనించానో లేదో, ముక్క ఊడి ఒళ్ళో పడింది. ఇది రెండోసారి. అంచున ఉరుషి గోరు దిగనంత గట్టిగా ఉంది. లోపల మాత్రం లేతపాకం చలిమిడే.

సంతలో 500 యెన్‌లకు కొన్న పింగాణీ గిన్నె ఇది. చిన్న ముక్కలు రెండూ మొదటిసారికే అతుక్కున్నాయి. తగువంతా 4 సెం.మీ. అతుకున్న పెద్ద ముక్కతోనే.

జనవరిలో మొదటిసారి: కేకుల మైదా 1 గ్రా., నీళ్ళు 0.6, కి-ఉరుషి (పచ్చి ఉరుషి) 1 గ్రా. కలిపి జిగురు చేశాను. బట్టల ప్లాస్టిక్ డబ్బాలో తడి తువ్వాలు పరిస్తే అదే నా మురో, అంటే ఉరుషిని తేమలో ఆరబెట్టే పెట్టె. తేమ 80 శాతం చూసి మురిసిపోయాను గానీ పక్కనే 12 డిగ్రీలని ఉన్నది పట్టించుకోలేదు. టోక్యో పక్కనున్న ఈ సైతామా చలికి, ఉరుషిని గట్టిపరిచే లాకేస్ ఎంజైమ్ కూడా ముసుగు తన్నేసినట్టుంది. 9 రోజులైనా జిగురు జిగురే.

రెండోసారి డబ్బాలో వేడినీళ్ళ యుతాంపో పెట్టి, పైన దుప్పటి చుట్టాను. 24 డిగ్రీలు, 85 శాతం. మూడో రోజుకే పైన బిగిసింది. అక్కడే మోసపోయాను.

ఊడాక కొలిస్తే అతుకు మందం ఒకచోట దాదాపు 1 మి.మీ. ఉంది. పైపొర గబుక్కున బిగిసి లోపలికి గాలి ఆడనివ్వలేదని నా మొదటి అనుమానం. ఉరుషి గట్టిపడాలంటే ఆక్సిజన్ కావాలి కదా. రెండోది పిండి. కేకుల మైదాలో గ్లూటెన్ తక్కువ, సాగుడు లేదు. మూడోది పింగాణీ. విరిగిన అంచు మట్టిపాత్రలా పీల్చదు, నున్నగా ఉంటుంది. ముందుగా అంచుకి పలచగా ఉరుషి పట్టించి ఆరబెట్టాల్సింది, బద్ధకించాను. నాకు ఈ పని నేర్పే సెన్సే (గురువుగారు) ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "అసెత్తా నే" అన్నారు. తొందరపడ్డావు, అని. అంతే, ఇంకో మాట లేదు.

ఎపాక్సీ కిట్ అయితే ఒక్కరోజులో అతికేది. అలంకారానికి పరవాలేదు, దాంట్లో టీ తాగడానికి మాత్రం నాకు మనసొప్పదు. అమ్మేమో వీడియో కాల్‌లో చూసి, "అంత తతంగం దేనికిరా, కొత్తది కొనుక్కోరాదూ" అంది.

పైగా కుడి మణికట్టు నిండా దద్దుర్లు. చిన్నప్పుడు మామిడికాయ సొన తగిలి పెదవి పక్కన పొక్కినట్టే ఉంది. ఉరుషి, మామిడి, జీడి ఒకే కుటుంబం చెట్లు మరి. ఒంటికి అంటిన వెంటనే వంటనూనెతో తుడిచి, ఆ తర్వాతే సబ్బు. గ్లౌజుకీ చొక్కా చేతికీ మధ్య టేపు చుట్టడం ఇక మానను.

ఈసారి నిస్షిన్ వాళ్ళ కామెలియా బ్రెడ్ పిండి వాడతాను. వజ్రపు ఆకురాయితో అంచు గరుకు చేసి, కి-ఉరుషి రాసి ఆరనిస్తాను. తర్వాత పలచగా పూసి, కాసేపు వదిలేసి, పట్టు వచ్చాకే అతికిస్తాను. టేపు బిగించాక మూడు వారాలు ముట్టుకోను. అదీ ఊడితే జూన్ దాకా ఆగుతాను. అప్పటి త్సుయు వానల్లో వెచ్చదనం, తేమ రెండూ ఉంటాయి, యుతాంపో గొడవే ఉండదు.

ఈలోగా ఇంటినుంచి తెచ్చిన ఆవకాయ జాడీ మూతకి పెచ్చు లేచింది. అతికించడానికి ముక్క లేదు కాబట్టి సబి-ఉరుషితో, అంటే టోనోకో అనే మెత్తటి మట్టిపొడి కలిపిన ఉరుషితో నింపేయడమే. టోనోకో పొడి ఒక చెంచాడు మిగిలింది, సరిపోవాలి.