అమ్మాన్‌లో లీకుల ఉద్యోగం

నా ఉద్యోగం ఏమిటో చెబితే గుంటూరులో ముందు నవ్వుతారు. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో, నీటి పైపుల లీకులు వెతికిపెట్టే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇంజినీరుని. "దానికి అంత దూరం పోవాలా అబ్బాయ్? మా వీధి చివర వాల్వు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చో, ఏడాది పొడవునా పని" అంటాడు మా మామయ్య. ఆయనది విజయవాడ కృష్ణలంక. పక్కనే కృష్ణమ్మ ఉన్నవాళ్లకు నీళ్లు లెక్కపెట్టడం పిసినారి పనిలాగే ఉంటుంది మరి.

ఆయనకు ఆయన నదితోనే లెక్క చెప్పాను. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి కదా. జోర్డాన్ దక్షిణాన దిసీ అనే చోట ఎడారి అడుగున వేల ఏళ్ల క్రితం ఇంకిన నీళ్లున్నాయి. వాటిని తోడి 325 కిలోమీటర్ల పైపులో 2013 నుంచి అమ్మాన్‌కు తెస్తున్నారు. ఏడాదికి సుమారు 10 కోట్ల ఘనపు మీటర్లు. వరద ఆ ఉధృతిలో ఉన్నప్పుడు అన్ని నీళ్లూ మన బ్యారేజీ దాటడానికి గంట కూడా పట్టదు. మామయ్య కాసేపు ఫోన్‌లో గుణించుకున్నాడు. "అయితే పాపమే రా" అన్నాడు.

ఇంకో నీటి దారి ఉంది, అది ఇంకా కష్టం. జోర్డాన్ లోయలోని కాలువ సముద్ర మట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. అమ్మానేమో కొండల మీది ఊరు. కిలోమీటరుకు పైగా నిలువెత్తు పంపు చేస్తే గానీ నీళ్లు రావు. కరెంటు బిల్లు ఎంతో ఊహించుకోండి. ఇంత చేసి తెచ్చాక, దేశం మొత్తం మీద దాదాపు సగం నీళ్లకు పైసా రాదు. అదంతా లీకేజీ అనుకోకూడదు. కొంత దొంగ కనెక్షన్లు, కొంత సరిగా తిరగని మీటర్లు. 2040 నాటికి ఈ నష్టాన్ని 25 శాతానికి దించాలని వాళ్ల లక్ష్యం.

మేమున్న అపార్ట్‌మెంటుకు వారానికి ఒకసారి నీళ్లొచ్చేవి. ఆ రోజు బిల్డింగ్ మొత్తం బట్టలుతుకుతుంది, మెట్లు కడుగుతుంది. అన్ని ఇళ్ల పైనా ట్యాంకులే. అవి నిండితే వారమంతా నిశ్చింత, మధ్యలో అయిపోతే టెన్షన్, ట్యాంకర్‌కు ఫోన్. నీళ్ల రోజున ఊరు వెళ్లాల్సివస్తే పక్కింటివాళ్లకు తాళాలిచ్చి వెళ్లేవాళ్లం.

పని ఎక్కువగా రాత్రిళ్లే. ట్రాఫిక్ తగ్గాలి, ఎందుకంటే లీకును చెవితోనే పట్టాలి. ఒక ఇనుప కడ్డీ, దాని పైన గుండ్రటి చెవి ముక్క. కడ్డీ కొనను వాల్వు మీద ఆనించి వింటే, చిల్లులోంచి నీళ్లు పోయే బుస వినిపిస్తుంది. మా ఈజిప్టు ఫోర్‌మన్‌కు మిషన్లంటే చిన్నచూపు. కడ్డీ పెట్టి కళ్లు మూసుకుని, కాలితో నేల మీద గీత గీసేవాడు. మేం మాత్రం రెండు వాల్వుల మీద రెండు సెన్సార్లు పెట్టి, చప్పుడు ఏ చివరకు ముందు చేరిందో, ఎంత తేడాతో చేరిందో చూసి చోటు లెక్కగట్టేవాళ్లం. ఇనుప పైపయితే బాగా పనిచేస్తుంది. ప్లాస్టిక్ పైపులో చప్పుడు కొద్ది దూరంలోనే చచ్చిపోతుంది, అప్పుడు మళ్లీ ఫోర్‌మన్ కాలే గతి. జనవరి చలిలో ఆ కడ్డీకి చెవి ఆనించడం ఎలా ఉంటుందో గుంటూరు ఎండలో కూర్చుని చెబితే ఎవరూ నమ్మరు.

అసలు చిక్కు వేరే. 24 గంటలూ నీళ్లుండే ఊళ్లలో లీకేజీ కొలవడం తేలిక. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా జనం నిద్రలో ఉంటారు, అప్పుడు ఆ ఏరియాలోకి పోయే నీళ్లలో ఎక్కువ భాగం లీకేజీయే. వారానికోసారి నీళ్లొచ్చే చోట ఈ లెక్క కుదరదు. అర్ధరాత్రి కూడా వందల ట్యాంకులు నిండుతూనే ఉంటాయి. అందుకని ఒక్క ఏరియాకు కొన్ని రోజులు ఆపకుండా నీళ్లు వదిలి, అందరి ట్యాంకులూ నిండాక కొలవాలి. నీళ్లు లేని ఊళ్లో నష్టం కొలవడానికి ముందు నీళ్లు వదలాలన్నమాట! పర్మిషన్ అడిగితే అధికారుల మొహాలు చూడాలి.

నీళ్లు ఆపితే మిగులుతాయనుకుంటాం. ఆపినంతసేపు కారవు, నిజమే. కానీ ఖాళీ పైపులోకి నీళ్లు వదిలిన ప్రతిసారీ గాలి, ఒత్తిడి కలిసి జాయింట్లను కుదిపేస్తాయి. ముఖ్యంగా మెయిన్ నుంచి ఇళ్లకు తీసిన సన్న పైపుల దగ్గర. రోడ్డు మీద ఫౌంటెన్‌లా ఎగసే పైపును వెంటనే బాగుచేస్తారు, టీవీలో వస్తుంది కాబట్టి. భూమి లోపల నిమిషానికి 5 లీటర్లు పోయే చిల్లు, పైపులో నీళ్లున్న ఒక్క రోజులో 7,200 లీటర్లు మింగుతుంది, దాని జోలికి ఎవరూ పోరు. మీటర్లదీ ఇదే గోల. ముందు వచ్చే గాలికి గిర్రున తిరుగుతాయి. ట్యాంకు నిండబోతూ సన్నధార వచ్చేటప్పుడు కదలవు. "గాలికి కూడా బిల్లా!" అని మామయ్య ఆశ్చర్యపోయాడు.

నన్నడిగితే అన్నిటికన్నా లాభం ఒత్తిడి తగ్గించడంలో ఉంది. కొండ మీదివాళ్లకు నీళ్లెక్కాలని పంపు చేస్తే, దిగువ వీధుల్లో పైపులు పగిలేంత ఒత్తిడి పడుతుంది. ఏరియాలను విడదీసి, కిందివాటికి ఒత్తిడి తగ్గించే వాల్వు పెడితే ఉన్న చిల్లుల్లోంచే తక్కువ కారుతుంది, కొత్తవీ తక్కువ పడతాయి. ఒక్క గొయ్యి తవ్వక్కర్లేదు. అందుకే కాబోలు, దీనికి రిబ్బన్ కటింగ్ ఉండదు.

గుంటూరులో కొండల సమస్య లేదు. మనకున్నది మోటార్ల సమస్య. పంపులొచ్చే టైముకు వీధిలో సగం ఇళ్లవాళ్లు కుళాయికే మోటారు బిగిస్తారు. పైపులో ఒత్తిడి పడిపోయినప్పుడు అలా లాగితే, నీళ్లు బయటకు పోయే చిల్లులోంచే పక్క కాలువ మురుగు లోపలికి వస్తుంది. 2018 మార్చిలో ఆనందపేట వైపు తాగునీటిలో మురుగు కలిసి, అతిసారంతో మనుషులు పోయిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు. అది మోటార్ల వల్లే అనను, కానీ కారే పైపు రెండు వైపులా తెరిచే ఉంటుంది.

ఈ మాట బ్రాడీపేటలో మా ఎదురింటి పిన్నిగారితో అంటే, "అందరూ మోటార్లు తీస్తే నేనూ తీస్తాను నాయనా, నేనొక్కదాన్నే తీస్తే బిందె కూడా నిండదు" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. ముందు ఇంటి కనెక్షన్ల జాయింట్లు సరిచేసి, చివరి ఇంటిదాకా ఒత్తిడి నిలబెట్టి, నీళ్లు వదిలే గంటలు పెంచాలి. మోటారు తీయమని పిన్నిగారిని అడగాల్సింది ఆ తర్వాతే.