కొండ మీద కుక్కర్ కూత

"సెలవు పెట్టుకుని మరీ వంట చెయ్యడానికి వెళ్తున్నావా నాన్నా? అదీ జీతం లేకుండా?" ఫోన్‌లో అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, నాషువా ఊళ్లో నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అదే రాష్ట్రంలో, ఉత్తరాన మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీద 1932 నుంచి నడుస్తున్న వాతావరణ పరిశీలన కేంద్రం ఉంది. చలికాలంలో అక్కడి సిబ్బందికి వండిపెట్టేది వాలంటీర్లే. ఆ జనవరిలో ఒక వారం నా వంతు వచ్చింది.

బుధవారం షిఫ్టు మారుతుంది. యుద్ధట్యాంకులా పట్టాల మీద నడిచే స్నోక్యాట్‌లో పైకి చేరాం. ఎత్తు 1,917 మీటర్లు. హిమాలయాల ముందు ఇదొక కొండా అనుకున్నాను, కందిపప్పు పొయ్యి మీద పెట్టేదాకా. ఆ ఎత్తులో నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఎంత సేపు ఉడికించినా పప్పు పలుకుపలుకుగానే ఉంది. మర్నాటి నుంచి నేను మోసుకెళ్లిన చిన్న కుక్కరే దిక్కయింది.

గాలి సంగతి చెప్పాలి. మాది విశాఖ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడ 1934 ఏప్రిల్ 12న 372 కిలోమీటర్లు నమోదైంది, అంటే హుద్‌హుద్‌కి రెట్టింపు. 1996లో ఆస్ట్రేలియాలోని బారో ద్వీపం మీద ఒక తుపాను ఆ రికార్డును దాటేసింది గానీ, ఆ మాట ఈ కొండ మీద గట్టిగా అనకూడదు. తుపాన్లు నడిచే దారులు ఈ చుట్టుపక్కలే కలుస్తాయి. దానికితోడు పడమటి నుంచి వచ్చే గాలి కొండ వాలెక్కి, పైనున్న గాలిపొరకీ శిఖరానికీ మధ్య ఇరుక్కుని దూసుకుపోతుంది. నీళ్ల పైపు మూతికి వేలు అడ్డం పెట్టినట్టే.

ఆఫీసులో నా పని కూడా సెన్సర్ల డేటాతోనే. ఏదైనా సెన్సర్ పలకడం మానేస్తే మేం టికెట్ (కంప్యూటర్లో ఫిర్యాదు) వేస్తాం, అది నాలుగు టీముల చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ టికెట్లు లేవు, గడ్డపార ఉంది. శిఖరాన్ని కమ్మే మేఘంలోని నీటిబొట్లు సున్నా కంటే దిగువకు చల్లబడినా నీళ్లుగానే ఉంటాయి. దేన్ని తాకితే దానికే అతుక్కుని గడ్డకడతాయి. ఆ తెల్లటి మంచు గాలి వెళ్లేవైపు కాదు, గాలి వచ్చేవైపు పెరుగుతుంది. కిటికీలోంచి చూసి మొదట నేను దిక్కులు తారుమారు చేసుకున్నాను. గాలివేగం కొలిచే గొట్టాన్ని వేడిచేస్తూనే ఉంటారు. అయినా చుట్టూ ఉన్నవాటికి మంచు పట్టేస్తుంది. అందుకే గంటగంటకీ పరిశీలకుడు టవర్ నిచ్చెన ఎక్కి ఆ మంచును కొట్టి రాల్చాలి. 1934లో ఆ రికార్డు రోజున వెండెల్ స్టీఫెన్సన్ అనే ఆయన చేసిందీ ఇదే. ఆయన చేతిలో ఉన్నది దుడ్డుకర్ర. తొంభై ఏళ్లలో మారింది ఆ కర్రేనన్నమాట!

రాత్రి డ్యూటీ అమ్మాయికి నేను చారు వేడిచేసి ఇచ్చేవాణ్ణి. ఓ మగ్గు చేత్తో పట్టుకుని రేపటి వాతావరణ అంచనా రాసేది. కంప్యూటర్ మోడళ్లు పెద్ద పెద్ద గళ్లలో నేలను సగటు చేస్తాయి కాబట్టి వాటి లెక్కలో ఈ శిఖరం ఉన్నదానికంటే పొట్టిది. అందుకని ఇంత ఎత్తులో గాలి ఎలా ఉందో విడిగా చూసుకుని, కొండ చేసే అల్లరిని తన అనుభవంతో కలుపుకోవాలి. తెల్లారేసరికి ఆ అంచనా చూసే కింద కొండ ఎక్కాలనుకునేవాళ్లు బూట్లు వేసుకోవాలో మానాలో తేల్చుకుంటారు. 2023 ఫిబ్రవరి మొదటి వారంలో ఇక్కడ చలి మైనస్ 44 డిగ్రీల సెల్సియస్‌కి దిగింది, గాలితో కలిపితే ఒంటికి తెలిసేది మైనస్ 78. ఆ ముందు రోజుల్లో అంచనా రాయడం ఎంత టెన్షనో ఊహించుకోండి.

"రాసింది తప్పయితే?" అని అడిగాను ఓ రాత్రి.

"బయటికి వెళ్లేది నేనే కదా, మొదట నాకే తెలుస్తుంది" అంది.

గంట కావడానికి పావుగంట ఉంది. మగ్గు మీద సాసర్ మూతపెట్టి, గాగుల్స్ దించుకుని, గడ్డపార తీసుకుంది. తలుపు తెరుచుకున్నప్పుడు వచ్చిన హోరులో నా కుక్కర్ కూత నాకే వినపడలేదు. ఎన్ని కూతలు వచ్చాయో లెక్క తప్పింది. ఆ రాత్రి పప్పు మెత్తగా పేస్టయిపోయింది.