చేజారిన గంటానాదం

నిన్న రాత్రంతా సింథసైజర్‌లో గుడిగంట నాదాన్ని పుట్టించే ప్రయత్నంలోనే గడిపాను. ఒక తరంగపు పౌనఃపున్యాన్ని మరొక తరంగంతో వేగంగా ఊగించే ఈ ఎఫ్‌ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) పద్ధతిని స్వరకర్త జాన్ చౌనింగ్ 1967లో స్టాన్‌ఫర్డ్‌లో కనుగొన్నారని, 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 సింథసైజర్ దాన్ని ఎందరికో చేరువ చేసిందని చదివాను గానీ, చెవితో తెలుసుకోవడం వేరు. రెండు ఆసిలేటర్ల (తరంగాలను పుట్టించే భాగాల) పౌనఃపున్యాల నిష్పత్తి 1:2గా ఉన్నంతసేపూ క్లారినెట్‌ను తలపించిన స్వరం, 1:1.4కు మార్చగానే, ఉపస్వరాలు మూల పౌనఃపున్యానికి పూర్ణ గుణిజాలు కాకుండా చెదిరిపోవడంతో, ఖంగుమని లోహంలా మోగింది. అయినా అది గంట కాదు, కిందపడిన పళ్లెం (నిజానికి అదీ బాగానే ఉంది). మాడ్యులేటర్ (ఊగించే తరంగం) స్థాయి కూడా ధ్వనితోపాటే నెమ్మదిగా తగ్గేలా ఎన్వలప్‌ను (కాలంతోపాటు స్థాయి మారే తీరును) అమర్చాక, మొదట పదునుగా మోగి, క్రమంగా మెత్తబడుతూ ఒకే శుద్ధ స్వరంగా కరిగిపోయే నాదం దొరికింది. ఆ సంతోషంలో ప్యాచ్‌ను (ఆ అమరికలన్నిటినీ) సేవ్ చేయకుండానే మరో నాబ్ తిప్పేశాను. ఉదయం నుంచి దానికోసమే వెతుకుతున్నాను.