అద్దె ఇంట్లో పోర్టబుల్ ఏసీ: కిటికీ సందుతో కుస్తీ

ఏప్రిల్ ఆఖరు

చెన్నై వేళచ్చేరిలో మేముండేది పై అంతస్తు. ఇంట్లో దిగేటప్పుడే ఓనరమ్మ తేల్చి చెప్పేశారు, "గోడకి కన్నం పెట్టే పనైతే వద్దు బాబూ" అని. స్ప్లిట్ ఏసీ మాట అక్కడితో పోయింది. కిటికీలకు గ్రిల్లు బిగించి ఉంది కాబట్టి విండో ఏసీ కూడా కుదరదు. ఇక మిగిలింది చక్రాల మీద తిరిగే పోర్టబుల్ ఏసీ. వేడి గాలిని కిటికీలోంచి బయటికి పంపే ఒక గొట్టం ఉన్న ఒక టన్నుది తీసుకున్నాం.

పెట్టె రాగానే ఆన్ చేద్దామని ఇంట్లో అందరికీ తొందరే. వ్యానులో దాన్ని ఎలా పడుకోబెట్టి తెచ్చారో ఏమో, రాత్రంతా నిలబెట్టే ఉంచాను. కంప్రెసర్‌లో నూనె మళ్లీ అడుక్కి దిగాలి కదా. ప్లగ్గు నేరుగా గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్‌కే. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇది పెట్టకూడదు, బోర్డు వేడెక్కి కాలిపోవచ్చు.

మే, కత్తిరి (నడివేసవి ఎండలు) మొదలయ్యాక

అసలు పని కిటికీ దగ్గరే. ఏసీతో వచ్చిన ప్లాస్టిక్ పట్టీ స్లైడింగ్ కిటికీలకు చేసింది. మావి బయటికి తెరుచుకునే చెక్క రెక్కలు. అందుకని ఫ్లెక్స్ బ్యానర్లు చేసే షాపులో సన్‌బోర్డ్ (తేలికపాటి ఫోమ్ పలక) కొన్నాను. గొట్టం మూతిని బోర్డు మీద బోర్లించి, పెన్సిల్‌తో చుట్టూ గీసి, గీతకు కాస్త లోపలగా కోశాను. అలా కోస్తేనే మూతి బిగుతుగా కూర్చుంటుంది. రెండు బోర్డుల మధ్య థర్మాకోల్ షీటు, అంచుల చుట్టూ ఫోమ్ టేపు, ఫ్రేముకు వెల్క్రో. మేకు ఒక్కటి కూడా కొట్టలేదు. బోర్డు గ్రిల్లుకు లోపలివైపు ఉంటుంది, వేడి గాలి ఊచల మధ్య నుంచి బయటికి పోతుంది.

గొట్టం ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మంచిది. ఏసీ నడిచేటప్పుడు దాని మీద చెయ్యి పెడితే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా కాలుతుంది. అంటే బయటికి పంపిన వేడిలో కొంత మళ్లీ గదిలోకే వస్తోందన్నమాట. వెండి రేకు అంటించిన ఫోమ్ షీటు చుట్టి టేపు వేశాక ఆ సెగ బాగా తగ్గింది.

తర్వాత అగరుబత్తి పరీక్ష. ఒక గొట్టం ఏసీ గదిలో గాలినే లాగి, వేడెక్కించి బయటికి తోస్తుంది. పోయిన గాలికి బదులు ఎక్కడి నుంచో గాలి రావాలి. తలుపులన్నీ మూసి, వెలిగించిన అగరుబత్తిని సందుల దగ్గరికి తీసుకెళ్లాను. హాలు తలుపు కింద పొగ మెల్లగా లోపలికి వంగింది. బాత్రూమ్ తలుపు దగ్గర మాత్రం ఒక్కసారిగా గదిలోకి కొట్టింది! అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాను కన్నం నుంచి మిట్టమధ్యాహ్నపు ఎండగాలి నేరుగా వస్తోంది, దాంతోపాటు డ్రెయిన్ వాసన ఉచితం. ఏసీ నడిచే వేళల్లో ఆ కన్నానికి అట్ట అడ్డం పెడుతున్నాను. హాలు తలుపు కింది సందు మాత్రం కావాలనే వదిలేశాను. ఎలాగూ గాలి రాక తప్పదు, వచ్చేదేదో నీడపట్టు నుంచి రానీ.

రిచీ స్ట్రీట్‌లో కొన్న చిన్న డిజిటల్ మీటరు ప్రకారం 34 డిగ్రీల గది గంటలో 28కి దిగుతోంది. తేమ 70 శాతం నుంచి 55కి. మా బావమరిది బెజవాడ నుంచి ఫోన్ చేసి, "టన్ను ఏసీ పెట్టుకుని 28 ఏంటి బావా, మా ఇంట్లో దుప్పటి కప్పుకుంటున్నాం" అన్నాడు. వాళ్లది స్ప్లిట్ మరి. టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్) లాగే శక్తి. అమెరికాలో పోర్టబుల్ ఏసీల మీద రెండు అంకెలు వేస్తారు: పాత పద్ధతి లెక్క ఒకటి, ఈ సందుల గాలినీ గొట్టం సెగనూ తీసేసిన ఎస్ఏసీసీ లెక్క ఇంకొకటి. రెండోది బాగా తక్కువ ఉంటుంది. కొనేవాళ్లు దాన్నే చూడాలి. చెన్నై ఉక్కకు మాత్రం తేమ తగ్గితేనే సగం ప్రాణం లేచొస్తుంది, పైన ఫ్యాను రెండులో పెడితే 28 హాయిగానే ఉంటుంది.

జూన్

నీళ్ల సంగతి. గాలిలోంచి తీసిన నీటిని ఈ మిషను వేడి కాయిల్ మీద చల్లి, ఆవిరి చేసి గొట్టంలోంచే పంపేస్తుంది. పొడి ఊళ్లలో అది సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. ట్యాంకు నిండగానే కంప్రెసర్ ఆగిపోతుంది, అదీ అర్ధరాత్రి. వెనక అడుగున రబ్బరు బిరడా తీసి సన్న పైపు తగిలించి, పైపు కొసను బాత్రూమ్‌లోకి వదిలాను. నీళ్లు వాటంతటవే జారిపోవాలి కాబట్టి ఏసీని రెండంగుళాల చెక్క పలక మీద, అటూ ఇటూ ఒరగకుండా పెట్టాను.

కరెంటు లెక్క కొంచెం టెన్షన్ పెట్టేదే. ప్లగ్ మీటర్లో కంప్రెసర్ నడిచేటప్పుడు 1,200 వాట్లు చూపిస్తోంది. రాత్రికి 8 గంటలు ఆగకుండా నడిస్తే 60 రోజులకు 576 యూనిట్లు. తమిళనాడులో బిల్లు రెండు నెలలకోసారి, మొదటి 100 యూనిట్లు ఉచితం, 500 దాటితే స్లాబు మారి రేట్లు పెరుగుతాయి. అందుకే ఒక్క పడగ్గదికే ఏసీ. రాత్రి పదింటి నుంచి మూడింటి దాకా టైమరు, తర్వాత ఫ్యాను.

శబ్దం గురించి ఒక్క మాట: కంప్రెసర్ గదిలోనే ఉంటుంది, తేలిగ్గా నిద్రపట్టని వాళ్లు కొనకండి.

అక్టోబరు

రెండు వారాలకోసారి గాలిని వడకట్టే జాలీ తీసి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెడుతున్నాను. తడిగా పెడితే బూజు వాసన ఖాయం. ఈశాన్య రుతుపవనాల వానల్లో చల్లదనం అక్కర్లేదు కానీ బట్టలు ఆరవు. ఏసీని తేమ లాగే డ్రై మోడ్‌లో పెట్టి బట్టల స్టాండు గదిలోకి తెస్తున్నాం. డిసెంబరులో ట్యాంకు ఖాళీ చేసి, సగం పూట ఉత్త ఫ్యాను నడిపి లోపల ఆరబెట్టి, నిలబెట్టే దాయాలి.

తర్వాతి పని రెండో గొట్టం. వేడి కాయిల్‌కు కావలసిన గాలిని గదిలోంచి కాకుండా బయటి నుంచే లాగేలా వెనక కింది జాలీకి అట్టపెట్టెతో నమూనా చేసి చూశాను, కొలతలు సరిపోయాయి. వచ్చే మార్చిలో సన్‌బోర్డ్‌తో గట్టిగా చేస్తాను. స్క్రూ తగలకుండా టేపుతోనే, వారంటీ పోకుండా.