డిజబిలిటీ స్టడీస్ సెంటర్ నడపడం: ప్రతిపాదన నుంచి యుటిలైజేషన్ సర్టిఫికెట్ దాకా

యూనివర్సిటీలో డిజబిలిటీ స్టడీస్ సెంటర్ అనగానే చాలామందికి సెమినార్లు, డిసెంబర్ 3న అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవానికి జరిపే సభ గుర్తొస్తాయి. డైరెక్టర్‌గా నా పని మాత్రం ఎక్కువగా ఫైళ్లతోనే. ఒక ఫీల్డ్ స్టడీ ఏయే మలుపుల్లో ఆగిపోతుందో, దాన్ని ఎలా దాటించాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు బడ్జెట్. వికలాంగులకు కావాల్సిన సౌకర్యాలకయ్యే ఖర్చును ప్రతిపాదనలోనే విడి పద్దుగా చూపించాలి. గ్రాంటు మంజూరయ్యాక కొత్త పద్దు తెరవడం దాదాపు కుదరని పని. కంటింజెన్సీలో (చిల్లర, అనుకోని ఖర్చుల పద్దులో) సర్దితే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్లు, వికలాంగ పరిశోధకుల వెంట వచ్చే సహాయకుల టీఏ డీఏ, బ్రెయిల్ ముద్రణ, ఫీల్డుకు టాక్సీ: ఈ నాలుగూ లేని ప్రతిపాదనపై నేను సంతకం పెట్టను. ఇంటర్‌ప్రెటర్లను ఎప్పుడూ జంటగానే లెక్కవేయాలి. ఇరవై ముప్పై నిమిషాలకోసారి మనిషి మారకపోతే అలసటతో తప్పులు దొర్లుతాయి. రెండు గంటల సమావేశానికి ఒక్కరినే పిలిచి డబ్బు మిగిలిందనుకుంటే, రెండో గంటలో బధిరులకు సగం మాటలు అందవు. బ్రెయిల్‌లో ఒక ప్రింటు పేజీ రెండు మూడు పేజీలవుతుంది, కాగితం కూడా మందంగా ఉండాలి, కాబట్టి మామూలు జిరాక్స్ రేటుతో అంచనా వేయకూడదు. సహాయకుడి ప్రయాణం సంగతి మంజూరు పత్రంలో అక్షరాలా ఉండాలి. మామూలు టీఏ నియమాలు వర్తించేది ఉద్యోగికి మాత్రమే.

నియామక ప్రకటనకు పాత నమూనా వాడితే ‘టూవీలర్ లైసెన్స్ తప్పనిసరి’ అన్న వాక్యం కూడా దాంతోపాటు దిగుతుంది. వికలాంగులపై పరిశోధనకు చూపులేని అభ్యర్థి ఒక్కరూ దరఖాస్తు చేయలేదేమిటని తర్వాత ఆశ్చర్యపోయి లాభం లేదు. ‘జిల్లాల్లో పర్యటించాలి, ప్రయాణ ఏర్పాట్లు సెంటర్ చూస్తుంది’ అని రాస్తే సరిపోతుంది.

అనుమతుల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఆమోదిస్తే చాలనుకునేవాళ్లే ఎక్కువ. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 6వ సెక్షన్ అంతకన్నా ఎక్కువ అడుగుతుంది. వికలాంగులపై పరిశోధన చేయాలంటే వాళ్లకు అర్థమయ్యే రూపంలో సమాచారమిచ్చి, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి తీసుకోవాలి. దాంతోపాటు ప్రభుత్వం నియమించే పరిశోధన కమిటీ ముందస్తు అనుమతి కూడా ఉండాలి. ఆ కమిటీలో కనీసం సగం మంది వికలాంగులో, వాళ్ల రిజిస్టర్డ్ సంస్థల సభ్యులో అయి ఉండాలని చట్టమే చెబుతోంది. ఈ ఫైలు ఏ సీటుకు వెళ్లాలో ఆఫీసులో తెలియకపోవడం మామూలే. అందుకే దరఖాస్తుకు సెక్షన్ కాపీ జతచేసి, ఇన్‌వార్డు నంబరు తీసుకోవాలి. రెండు చోట్లా ఒకేసారి దరఖాస్తు పెడితే సమయం కలిసొస్తుంది.

సమ్మతి పత్రం ఒకటే అయినా రూపాలు వేరు. చూపులేనివారికి చదివి వినిపించి, ఆడియో రికార్డు చేస్తాం. బధిరులకు సైన్ లాంగ్వేజ్‌లో వివరించి వీడియో తీస్తాం. మేధో వైకల్యం ఉన్నవారికి పేజీకి ఒక్క విషయం చొప్పున, బొమ్మతో, చిన్న వాక్యాల్లో ఇస్తాం. సాక్షి మన బృందంలోని మనిషి కాకూడదు. గార్డియన్ సంతకం ఉన్నంత మాత్రాన పని అయిపోదు. ఎదుటి మనిషి మొహం తిప్పుకుంటే, లేచి వెళ్తే ఇంటర్వ్యూ అక్కడితో ఆపేయాల్సిందే.

శాంపిల్ కోసం చాలామంది నేరుగా సదరం (క్యాంపుల్లో వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ ఏర్పాటు) జాబితా దగ్గరికి వెళ్తారు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లే అందులో కనిపిస్తారు. 40 శాతం కన్నా తక్కువ వచ్చినవాళ్లు, క్యాంపు దాకా రాలేనివాళ్లు, మానసిక అనారోగ్యాన్ని బయటపెట్టడానికి ఇష్టపడనివాళ్లు ఆ జాబితాతో మనకు దొరకరు. పెన్షన్‌పై అధ్యయనమైతే ఆ జాబితా చాలు, లేకపోతే ఇంటింటి సర్వే తప్పదు. అందులో వైకల్య గణాంకాల కోసం వాషింగ్టన్ గ్రూప్ అనే అంతర్జాతీయ బృందం రూపొందించిన ఆరు ప్రశ్నలు వాడతాం: చూపు, వినికిడి, నడక, జ్ఞాపకశక్తి, సొంత పనులు, మాటామంతీ. ప్రశ్నల్లో వైకల్యం అన్న మాటే రాదు. ‘కళ్లద్దాలు పెట్టుకున్నా చూడటానికి ఇబ్బందిగా ఉందా?’ అని అడిగి, ఇబ్బంది లేదు, కొంత ఉంది, చాలా ఉంది, అస్సలు చూడలేను అనే నాలుగు జవాబుల్లో ఒకటి తీసుకోవాలి. ఏ ఒక్క ప్రశ్నకైనా చివరి రెండింటిలో ఒకటి వస్తే వైకల్యం ఉన్నట్టు లెక్కలోకి తీసుకుంటాం. ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగే ఎన్యూమరేటర్లు తొందరలో దీన్ని ఉంది, లేదు అనే రెండు జవాబులకు కుదించేస్తారు. దాంతో ‘కొంత’ అన్నవాళ్లు ఎటో ఒకవైపు పడి సంఖ్య తారుమారవుతుంది. ఇంట్లో మరొకరు జవాబు చెబితే ఆ సంగతి ఫారంలో గుర్తు పెట్టాలి. ఈ ఆరు ప్రశ్నలకు ఆందోళన, డిప్రెషన్ సరిగా చిక్కవు. అవి కావాలంటే విస్తృత ప్రశ్నావళి వాడాలి.

నివేదిక తయారయ్యాక తెలుగుకే ప్రత్యేకమైన తలనొప్పి మొదలవుతుంది. డీటీపీలో అను ఫాంట్లతో కొట్టిన ఫైలు కంటికి తెలుగే, తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు. కాబట్టి మొదటి ముసాయిదా నుంచే యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే అక్షర పద్ధతి) వాడాలి. వర్డ్‌లో హెడ్డింగులకు స్టైల్స్ పెట్టాలి, అక్షరాలు బోల్డ్ చేస్తే అవి హెడ్డింగులైపోవు. యూనికోడ్‌లో ఉన్నా పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోతుంటాయి, అందుకని వర్డ్, ఈపబ్ (ఈ-పుస్తకం) ఫైళ్లు కూడా ఇస్తాం. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. చూపులేని సహోద్యోగి దానితో ఒకసారి మొత్తం విన్నాకే ప్రెస్‌కు పంపుతాం.

భవనం గురించి ఒక్క ముక్క. ర్యాంపు వాలు 1:12 కన్నా నిటారుగా ఉండకూడదు. 45 సెంటీమీటర్ల మెట్ల ఎత్తుకు కనీసం 5.4 మీటర్ల ర్యాంపు కావాలి. అంత చోటు లేదని మెట్ల మీదే సిమెంటు పోసేస్తే అది జారుడుబండ అవుతుంది. అంచనా పత్రంలో ఎత్తు, పొడవు రెండూ రాసి ఉన్నాయో లేదో నేనే చూస్తాను.

చివరికి లెక్కలు. గ్రాంటు డబ్బును ఇచ్చిన పనికే ఖర్చుపెట్టామని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌ను, కేంద్ర ప్రభుత్వ గ్రాంటైతే, దాని ఆర్థిక నియమావళి (జీఎఫ్‌ఆర్) 12-ఏ ఫారంలో ఇవ్వాలి. ఇక్కడే రెండు నియమాలు ఢీకొంటాయి: పాల్గొన్నవాళ్లకు ఇచ్చిన డబ్బుకు ఆడిట్‌వాళ్లు పేరు, సంతకం అడుగుతారు, ఎవరు ఏం చెప్పారో బయటపడనివ్వమని మనం సమ్మతి పత్రంలో మాటిచ్చి ఉంటాం. అందుకే అక్విటెన్స్ రోల్‌లో (డబ్బు అందినట్టు సంతకాలు తీసుకునే పట్టికలో) పేరు, మొత్తం, సంతకం తప్ప వైకల్యం వివరాలుగానీ ఇంటర్వ్యూ నంబరుగానీ రాయం. పరిశోధన ఫైలులో కోడ్ నంబర్లే ఉంటాయి. రెండింటినీ కలిపే జాబితా పాస్‌వర్డ్‌తో నా దగ్గరే ఉంటుంది, అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లదు. ఆడిట్‌వాళ్లు ఈ పద్ధతి గురించి ప్రశ్నిస్తే చూపించడానికి ఎథిక్స్ కమిటీ ఆమోద పత్రం కాపీ ఓచర్ల ఫైలు మొదట్లోనే పెట్టి ఉంచుతాం.